కుంకుమ పళ్లెం దాటిన కుర్చీ

మా వైపు తెలుగువాళ్లు నలుగురు చేరిన చోట ఈ కథ ఇంకా నడుస్తూనే ఉంది. దసరాకి ఎవరింట్లోనో బొమ్మల కొలువు పెట్టి ఒక చైనా ఆవిడని పేరంటానికి పిలిచారట. ఆవిడకి మన పద్ధతులు తెలియక, అగరొత్తుల పొగ పడక, మధ్యలో లేచి చక్కా పోయిందట. చెప్పేవాళ్లు చివర ఒక నవ్వు కూడా తగిలిస్తారు. "వాళ్లంతేనండీ, ఎవరితోనూ కలవరు." ఈమధ్య ఇంకో పాఠాంతరం బయల్దేరింది. అందులో తప్పంతా అత్తగారిది. ఇండియా నుంచి దిగిన పెద్దావిడ చాదస్తం వల్ల ఆ చైనా ఆవిడకి అవమానం జరిగిందట, చదువుకున్న కోడలు పాపం ఏమీ చెయ్యలేకపోయిందట.

రెండూ అబద్ధాలే. ఆ చదువుకున్న కోడల్ని నేను. కొలువు మా ఇంట్లో. చైనా ఆవిడ ఎక్కడికీ పోలేదు, ముందుగదిలోంచి లేచి వంటింట్లోకి వెళ్లింది. మా అత్తగారు ఆ సాయంత్రం వంటింట్లోంచి ఇవతలికి అడుగే పెట్టలేదు. కుంకుమ పళ్లెం ఎవరి చేతిలో ఉందని ఈ రెండు కథల్లోనూ ఎవరూ అడగరు. నా చేతిలో ఉంది. రెండో కథ నా ఎదుటే చెప్పినప్పుడు కూడా నేను దిద్దలేదు, వాళ్లు పెట్టిన పకోడీలు తింటూ కూర్చున్నాను. నన్ను ఎరిగినవాళ్లకి తెలుసు, నేను నోరు మూసుకుని కూర్చోవడం ఎంత అరుదో.

మేము అమెరికాలో షికాగో దగ్గరి అరోరాకి వచ్చిన నాలుగో ఏడో, ఐదో ఏడో. మావారికి ఉద్యోగం, నాకు ఇద్దరు పిల్లలు, గుంటూరులో చదివిన బి.ఏ. సూట్‌కేసు అడుగున. ఇక్కడి కాలేజీలో కొన్ని క్రెడిట్లు చేస్తే ఆ డిగ్రీకి కాస్త విలువ వస్తుందన్నారు. శనివారం పొద్దున అయితే మావారు పిల్లల్ని చూసుకోగలరు కాబట్టి శనివారం పొద్దుటి క్లాసే కావాలి. అకౌంటింగ్ నిండిపోయింది. మిగిలింది ఒక్కటే: చైనా సంస్కృతి, విశ్వాసాలు, సాహిత్య చరిత్ర, పరిచయం.

"చైనా గురించి నీకెందుకు?" అన్నారు మావారు.

"మీరు పంపుల గురించి ఆరేళ్లు చదివారు. నేనేమైనా అడిగానా?" అన్నాను.

చెప్పే ప్రొఫెసర్ అమెరికన్. కొన్నేళ్లు తైవాన్‌లో ఉండి చైనా భాష నేర్చుకొచ్చిన మనిషి, మంచివాడు, చెప్పిన పాఠం మీద ఎవరైనా వాదిస్తే సంతోషించే రకం. ఆయన సంతోషాన్ని నేను బాగా వాడుకున్నాను. బౌద్ధం అని ఆయన అనడం ఆలస్యం, "అది మా దగ్గర్నుంచే వెళ్లింది" అని చెయ్యి ఎత్తేదాన్ని. వాళ్ల కరుణాదేవత గురించి చెప్పబోతే, "ఆవిడ మా దగ్గర మగవాడు, చైనా వెళ్లాక ఆడదయింది" అన్నాను. చైనా నుంచి కాలినడకన బయల్దేరిన భిక్షువులు గ్రంథాల కోసం వచ్చింది మా దేశానికే, అందులో ఒకాయన మా కృష్ణ ఒడ్డుదాకా వచ్చి చదువుకుని వెళ్లాడని కూడా చెప్పాను. ఇంకోవారం జంటపాదాల గురించి చెప్పారు. ఒక పండితుడు ఒక పాదం విసురుతాడు, రెండో పండితుడు దానికి సరిజోడు కట్టాలి. అక్కడ కొండ ఉంటే ఇక్కడ నది, అక్కడ ఒకటి ఉంటే ఇక్కడ వెయ్యి. మా అవధానాల్లో సమస్య ఇచ్చి పూరించమనడం ఇదేనన్నాను.

"చాలా బాగుంది. ఏది ముందు?" అన్నారాయన.

"మాదే" అన్నాను. నా దగ్గర ఆధారం ఏముంది? పుట్టిన ఊరే ఆధారం.

వెనక వరసలో ఎవరో మెల్లిగా నవ్వారు. తిరిగి చూస్తే యాభై అయిదేళ్ల చైనా ఆవిడ. పొట్టిగా కత్తిరించిన నెరిసిన జుట్టు, బూడిదరంగు స్వెటర్, పక్కన ఫ్లాస్కు. క్లాసయ్యాక నేరుగా ఆవిడ దగ్గరికే వెళ్లాను. మేము మాట్లాడుకున్నది ఇంగ్లీషులోనే, ఆవిడది ఒక రకం, నాది ఒక రకం.

"మీరు చైనావారే కదా. మీకు ఈ పరిచయం క్లాసు ఎందుకు?"

"పదకొండో ఏట బడి మానేశాను. అప్పుడు యుద్ధం. నాకు తెలిసిందంతా మా నానమ్మ చెప్పిందే. అందులో ఎంత పుస్తకాల్లో ఉందో, ఎంత నానమ్మ కల్పించిందో చూద్దామని."

"ఏమైనా తేలిందా?"

"నానమ్మ కల్పించినవే బాగున్నాయి."

అలా మొదలైంది. క్లాసు తరవాత కేఫటీరియాలో కూర్చునేవాళ్లం. నేను పులిహోర డబ్బా తీసేదాన్ని, ఆవిడ ఫ్లాస్కులోంచి ఉత్త వేణ్నీళ్లు పోసుకుని తాగేది. టీ కూడా కాదు, వేణ్నీళ్లే. వంటింటి దేవుడి గురించి నాకు చెప్పింది పుస్తకం కాదు, ఆవిడే. పొయ్యి పైన ఆయన పటం ఉంటుందిట. ఏడాది పొడుగునా ఇంట్లోవాళ్లు ఏం చేశారో చూస్తూ ఉండి, ఏడాది చివర పైకి వెళ్లి చెప్తాడుట. అందుకని వెళ్లే రోజున ఆయన మూతికి తీపి పాకం పూస్తారు.

"లంచమా?"

"లంచమో, నోరు అంటుకుపోవడానికో. మా నానమ్మ రెండూ అనేది."

"మాకూ ఇలాంటివాడు ఉన్నాడు, చిత్రగుప్తుడు. మీవాళ్లు బహుశా మా దగ్గర్నుంచే…"

"బుద్ధుడు కూడా మీవాడే కదూ?" అంది వేణ్నీళ్లు ఊదుకుంటూ.

"మావాడే."

"మరి మీ దగ్గర ఎందుకు లేడు?"

ఆవిడంటే నాకు ఇష్టం ఏర్పడింది ఆ ప్రశ్న దగ్గరే. మరుసటి వారం నుంచి ఆవిడ తన బ్యాగు పక్క కుర్చీలో పెట్టి క్లాసులో నాకు చోటు ఉంచేది.

సెప్టెంబరులో ఒక శనివారం ప్రొఫెసర్ స్లైడ్లు వేశారు. ఊరి బయట రాతి కమానులు, పైన చెక్కిన అక్షరాలు. దేవుడివీ రాజువీ కావవి. భర్త పోయాక మళ్లీ పెళ్లి చేసుకోకుండా బతికిన ఆడవాళ్ల గౌరవార్థం కట్టించినవి. పరిచయస్థుల అమ్మాయికి జరిగినట్టు నాకు ఒళ్లు మండింది. కేఫటీరియాలో కూర్చున్నాక ఆవిడ మామూలు గొంతుతో అంది, "మా ఊళ్లోనూ ఒకటి ఉండేది. మా నానమ్మకి మేనత్తది."

ఆ మేనత్తకి పదిహేనో ఏట సంబంధం కుదిరింది. పెళ్లికి ముందే పిల్లవాడు జ్వరంతో పోయాడు. ఆ పిల్ల ఎన్నడూ చూడని ఆ మనిషి పేరు చెక్కిన చెక్కఫలకం ఉన్న ఇంటికి కోడలుగా వెళ్లి, అత్తమామలకి వండిపెట్టి, ముసలిదయింది. యాభై దాటాక చక్రవర్తి నుంచి అనుమతి వచ్చింది, కమాను లేచింది. ఇల్లంతా గర్వపడింది.

"ఎంత దుర్మార్గం. మనిషిని చంపి రాయి నిలబెట్టడం" అన్నాను.

"మీ దగ్గర ఎలా?"

అడక్క అడక్క అడిగింది. నేను అరగంట ఉపన్యాసం ఇచ్చాను. బొట్టు గురించి, పేరంటాల గురించి, భర్త పోయినావిడ శుభకార్యంలో ముందుకి రాకూడదన్న నియమం గురించి, ముత్తయిదువలకి పసుపు రాసి కుంకుమ పెట్టి తాంబూలం ఇచ్చేటప్పుడు ఆవిడ తలుపు చాటున ఉండటం గురించి. కాలేజీలో వక్తృత్వపు పోటీల్లో కప్పులు గెలిచిన గొంతు నాది, పక్క బల్లవాళ్లు కూడా విన్నారు. ఆవిడ భర్త పోయి అప్పటికి రెండేళ్లు. అది నాకు తెలుసు. తెలిసే, అసలు ఆవిడ కోసమే చెప్తున్నట్టు చెప్పాను.

"మీ అత్తగారు వస్తున్నారన్నారు. ఆవిడ కూడా…?"

"ఆవిడా అంతే, మామగారు పోయి ఎనిమిదేళ్లు. కానీ మా ఇంట్లో ఇలాంటివి సాగవు."

"సాగవా?"

"నేను సాగనివ్వను. దసరాకి మా ఇంట్లో బొమ్మల కొలువు. మీరు రండి. అందరి ముందూ మీకు బొట్టు పెడతాను. మీరే చూద్దురుగాని."

ఆవిడ చేతిసంచిలోంచి చిన్న పుస్తకం తీసి తారీఖు రాసుకుంది. బొట్టు ఎలా పెడతారని అడిగింది. నేను నా ఉంగరపు వేలు చూపించి, "కళ్లు మూసుకోండి, ఒక్కోసారి పొడి రాలుతుంది" అన్నాను. అది కూడా రాసుకుందేమో, నాకు తెలియదు.

ఇంటికెళ్లి ఊరుకున్నానా? ఫోనుల మీద అందరికీ చెప్పాను. మా క్లాసులో చైనా ఆవిడ వస్తోంది, పాపం భర్త పోయారు, నేను అవేవీ పట్టించుకోను, పేరంటానికి పిలిచాను, అని. నా విశాలహృదయం పక్క ఊరు నేపర్‌విల్ దాకా తెలియాలి కదా.

దసరా నాటికి అత్తగారు వచ్చి మూడు వారాలయింది. అట్టపెట్టెలు మెట్లుగా పేర్చి తెల్ల దుప్పటి కప్పి బొమ్మలు పెట్టాం. ఇండియా నుంచి తెచ్చిన చెక్కబొమ్మలు పై మెట్ల మీద, పిల్లల ప్లాస్టిక్ జంతువులు కింద. షికాగోలో ఎవరో ఇచ్చిన తమలపాకులు సగం వాడిపోయి వచ్చాయి. పొద్దున అత్తగారు ఆకులు తుడుస్తూ, "నేను లోపలుంటాలేమ్మా, శనగల సంగతి చూసుకుంటాను" అన్నారు. తరవాత అందరితోనూ నేను, "పిలిచాను, ఆవిడే రానన్నారు" అని చెప్పాను. పిలవలేదు. "సరేనండి" అన్నాను. ఆ రోజు జరిగినవాటిలో మొదటిది అది. దాన్ని ఎవరూ కథలో చెప్పరు, ఎందుకంటే ఎవరికీ తెలియదు.

చైనా ఆవిడ చెప్పిన టైముకి వచ్చింది. చేతిలో కమలాపళ్ల సంచి. ఎప్పుడూ బూడిదరంగులో ఉండే మనిషి ఆ రోజు ఎర్రటి స్వెటర్ వేసుకుంది. పండగలో రంగులు ఉంటాయని నేనే చెప్పాను. మెట్ల ముందు నిలబడి ఒక్కో బొమ్మా ఎవరని అడిగింది. ముందుగదిలో కుర్చీలు వరసగా వేశాం. వరసలో మొదట మా పక్కింటి అమెరికన్ ఆవిడ, తరవాత ఒక తెలుగావిడ, తరవాత చైనా ఆవిడ, ఆ పక్కన కొత్తగా వచ్చిన ఒక కోడలు పిల్ల. ఆ పిల్ల అత్తగారు మాలో అందరికంటే పెద్ద, డాక్టరుగారి భార్య. అక్కయ్యగారూ అని పిలుస్తాం.

నేను పసుపు గిన్నె, కుంకుమ పళ్లెం తీసుకుని బయల్దేరుతుంటే అక్కయ్యగారు మోచెయ్యి పట్టుకుని పక్కకి లాగారు.

"అమ్మాయ్, ఆ చైనా ఆవిడకి భర్త లేడన్నావు కదూ?"

"అవునండీ."

"మా కోడలు పక్కనే కూర్చుంది. మూడో నెల, నీకు తెలుసుగా. ఇదివరకు ఒకసారి పోయింది కూడాను."

"అక్కయ్యగారూ, మరి…"

"నేనేమీ అనటంలేదమ్మా. నీ ఇల్లు, నీ ఇష్టం. చదువుకున్నదానివి."

ఆవిడ నన్నేమీ ఆజ్ఞాపించలేదు. తప్పు ఆవిడ మీద నెట్టేద్దామని ఎన్నిసార్లు చూసినా నిలవడం లేదు. నా ఇల్లు, నా ఇష్టం అనే అంది.

పక్కింటి అమెరికన్ ఆవిడకి పసుపు రాశాను. చక్కిలిగిలి అని కాళ్లు ముడుచుకుంది, అందరూ నవ్వారు. ఆవిడకి రెండు విడాకులు, మూడో ఆయనతో ఇంకా పెళ్లి కాలేదు. ఆవిడ నుదుటన రూపాయంత బొట్టు పెట్టాను. ఎవరూ మోచెయ్యి లాగలేదు. రెండో ఆవిడకి పెట్టాను.

మూడో కుర్చీలో చైనా ఆవిడ ఎడం చేత్తో నుదుటి మీది జుట్టు పైకి తోసుకుని, మొహం కొంచెం ఎత్తి, కళ్లు మూసుకుంది.

చివర్లో పెడదాం అనుకున్నాను. ఈ పిల్లకి పెట్టేశాక, అందరికీ అయిపోయాక, తిరిగొచ్చి తీరుబడిగా పెడదాం. అది కేవలం వరస మార్చడమే అనుకున్నాను. నాతో నేను వాదించుకోవడంలో కూడా కప్పు నాకే వస్తుంది. ఒక అడుగు పక్కకి వేసి ఆ కోడలు పిల్ల పాదాల దగ్గర వంగాను. పసుపు రాస్తూ పక్కకి చూశాను. ఆవిడ ఇంకా కళ్లు మూసుకునే ఉంది. జుట్టు చేత్తో పట్టుకునే ఉంది. ఎంతసేపని చెప్పను, ఆ పిల్ల రెండు పాదాలకీ పసుపు రాసి, లేచి, నుదుట కుంకుమ పెట్టేంతసేపు. అప్పుడు కళ్లు తెరిచింది. ముందు ఖాళీ. పక్కన నేను. ఆ పిల్ల నుదుట బొట్టు.

ఏం జరిగిందో ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ గదిలో ఉన్న పరాయివాళ్లలో ఆవిడకి మాత్రమే ఆ సంగతంతా అక్షరం పొల్లుపోకుండా తెలుసు. నేనే కదా పాఠం చెప్పాను, అరగంటసేపు, గొంతెత్తి. ఇంకెవరైనా అయితే మర్చిపోయారనుకుందురు.

ఆవిడ జుట్టు సర్దుకుంది. తొందర లేకుండా లేచింది. వీధి తలుపు వైపు చూడను కూడా లేదు. వంటింట్లోకి వెళ్లింది.

అందరికీ తాంబూలాలు ఇచ్చి నేను కుంకుమ భరిణతో లోపలికి వెళ్లేసరికి ఇద్దరూ బల్ల దగ్గర కూర్చుని ఉన్నారు. అత్తగారు గుగ్గిళ్లు ప్లాస్టిక్ సంచుల్లో పోస్తున్నారు, ఈవిడ ముడి వేస్తోంది. ఒకరి భాష ఒకరికి ముక్క రాదు.

"ఊరికే కూర్చోబెట్టడం బాగుండదని పని ఇచ్చాను. ముడి నాకంటే బాగా వేస్తోంది" అన్నారు అత్తగారు.

నేను ఆవిడతో ఇంగ్లీషులో మొదలుపెట్టాను. అక్కడ హడావిడిగా ఉంది, ప్రశాంతంగా ఇక్కడ పెడదామని, ఇలా ఏదో.

"ఏం చెప్తున్నావమ్మా ఆవిడకి?" అన్నారు అత్తగారు.

"బొట్టు పెడతానంటున్నానండీ."

"ఇక్కడా?"

అత్తగారు ఇంకో సంచిలో గరిటెడు గుగ్గిళ్లు పోశారు.

"ఇక్కడైతే నాకూ పెట్టొచ్చు. ఎవరూ చూడరు."

ఎత్తిపొడుపు లేదు ఆ గొంతులో. ఉంటే నాకు సులువుగా ఉండేది, జవాబు చెప్పేదాన్ని. చైనా ఆవిడ మా ఇద్దరి మొహాలూ చూసి, నా చేతిలో భరిణ చూసి, "మీ అతిథులు ఎదురుచూస్తున్నారు" అంది. వెళ్లాను. వెళ్లి హారతి ఇచ్చాను, పాట కూడా పాడాను.

మరుసటి శనివారం కారులో కాలేజీ దాకా సంజాయిషీలు అల్లుకుంటూ వెళ్లాను. గర్భిణి పిల్ల, పెద్దావిడ మాట, మా సమాజం, అన్నిటికీ సమాధానాలు సిద్ధం. క్లాసులోకి వెళ్తే నా కుర్చీలో ఎప్పటిలాగే ఆవిడ బ్యాగు. నన్ను చూసి తీసింది.

"మీ అత్తగారు బాగున్నారా?" అంది.

"బాగున్నారు" అన్నాను. సంజాయిషీలు ఒక్కటీ తియ్యలేదు, పుస్తకం తీశాను.

డిసెంబరులో వ్యాసం ఇవ్వాలి. నేను రాతి కమానుల మీద రాశాను. వేరే విషయం తీసుకోవచ్చు, టైమ్ ఉంది, కానీ సగం అప్పటికే రాసేశాను, అదీ చాలా బాగా వచ్చింది. ఆడదాన్ని గౌరవం పేరుతో గుమ్మం బయట నిలబెట్టే సమాజాల గురించి కటువుగా, పదునుగా రాశాను. ప్రొఫెసర్ ఏ గ్రేడు ఇచ్చి, క్లాసులో చదివి వినిపించమన్నారు. చదివాను. మొదటి పేజీలో గొంతు కొంచెం వణికింది. రెండో పేజీకి సర్దుకుంది. సిగ్గుపడాల్సింది వణికినందుకు కాదు, సర్దుకున్నందుకు. చప్పట్లు కొట్టారు. పక్క కుర్చీలో ఆవిడ కూడా కొట్టింది.

బయటికి వచ్చాక కోటు వేసుకుంటూ, "ఒకటి తప్పు రాశారు" అంది.

రానే వచ్చింది అనుకున్నాను. ఒక రకంగా ఊరట కూడా కలిగింది.

"నానమ్మ మేనత్త ఆ కమాను కింద నిలబడి ఏడ్చిందని రాశారు. నేనలా చెప్పలేదు."

"అది… చదివేవాళ్లకి బాగుంటుందని."

"ఆవిడ ఎప్పుడూ దాని కిందనుంచి నడవలేదు. సంతకి వెళ్లాలంటే పొలం గట్టు మీదుగా చుట్టూ తిరిగి వెళ్లేది. వానొచ్చినా సరే. మా నానమ్మ చెప్పింది."

అంతే చెప్పి గ్లవ్స్ తొడుక్కుంది. ఆ వసంతంలో కూతురి దగ్గరికి సియాటిల్ వైపు వెళ్లిపోయింది. ఏటా వాళ్ల కొత్త సంవత్సరానికి ఒక ఎర్ర కార్డు వస్తుంది. జవాబుగా నేనూ కార్డు పంపిస్తాను, పిల్లల చదువులూ చలీ రాసి. అత్తగారు తిరిగి వెళ్లాక ఊరి నుంచి రాసే ఉత్తరాల్లో ఒక్కోసారి చివర, "ముడులు వేసినావిడ కులాసాయేనా" అని అడుగుతారు. కులాసాయే అని రాస్తాను.

క్షమించమని నాలుగైదుసార్లు ఉత్తరం మొదలుపెట్టాను. రెండో వాక్యం వచ్చేసరికి అది వాదన అయిపోతుంది, చింపేస్తాను. నాకు నిజంగా కావలసింది క్షమాపణ అవునో కాదో కూడా చెప్పలేను. అడగవలసింది వేరే ఉంది. కేఫటీరియాలో నా ఉపన్యాసమంతా విని, తారీఖు రాసుకుని, ఎర్ర స్వెటర్ వేసుకుని వచ్చిన ఆవిడ, నా మాట నమ్మి వచ్చిందా, లేక నా మాట ఎంతవరకు నిలబడుతుందో చూడటానికి వచ్చిందా?